స్వామికార్యమా, స్వకార్యమా?



నిరుడు విభూది బుధవారం సాయంకాలం దివ్యపూజ ముగించి పూజావస్త్రాలు మడతపెడుతుండగా మా విచారణకు చెందిన ఒక సోదరుడు లోపలికి వచ్చాడు. యాభై ఏడేళ్ల సింగరేణి కార్మికుడు. నుదుట పెట్టిన విభూది ఇంకా చెరగలేదు. కాసేపు తటపటాయించి, "ఫాదర్, ఒక మాట అడుగుత. నవ్వద్దు" అన్నాడు.

"నాకు షుగరున్నదని డాక్టరు చెప్పిండు. పది కిలోలు తగ్గాల్నన్నడు. ఏడాది సంది తిప్పలపడుతున్న, నోరు కట్టుకునుడు నాతోటి అయితలేదు. ఈ నలభై దినాలు ఒక్కపొద్దులుంటే పుణ్యమూ వస్తది, బరువూ తగ్గుతది. స్వామికార్యం, స్వకార్యం రెండూ అయితయి గద?"

"మంచిదే అన్నా. కాని ముందుగాల డాక్టరును అడుగు. గోలీలు వేసుకునేటోళ్లు కడుపు మాడ్చుకోవద్దు" అని చెప్పి పంపించాను.

రాత్రి ఆత్మశోధన చేసుకుంటూ కూర్చుంటే మాత్రం ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఒక కారణం, నేనూ సన్నటివాణ్ణి కాను. విచారణ గురువుకు ఇంటింటా విందే. జ్ఞానస్నానానికో, గృహప్రవేశానికో, పల్లెలో పండుగ పూజకో వెళితే "ఇంకొక్క ముక్క ఫాదర్" అనేవారే గాని "చాలు" అనేవారు ఉండరు. వద్దంటే వాళ్లు నొచ్చుకుంటారన్న సాకు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. రెండవ కారణం ఇంతకంటె పెద్దది. బరువు తగ్గడానికి విశ్వాసాన్ని ఆసరా చేసుకోవచ్చునా? చేసుకుంటే అది ప్రార్థన అవుతుందా, లేక దేవుణ్ణి మన పనికి వాడుకోవడం అవుతుందా? మనిషిని కేవలం సాధనంగా వాడుకోరాదని జర్మను తత్వవేత్త కాంట్ బోధించాడు. మనిషినే వాడుకోరాదంటే దేవుణ్ణి వాడుకోవచ్చునా?

బరువు పాపమా?

ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. లావుగా ఉండడం పాపం కాదు. వంశంలో ఉన్న ఒంటితీరు, థైరాయిడ్ వంటి జబ్బులు, కొన్ని రకాల మందులు, నిద్రలేమి, పని మారడం, ఇలా దానికి అనేక కారణాలుంటాయి. పూజకు వచ్చిన లావుపాటి సోదరిని చూసి "తిండి మీద అదుపు లేదు" అని మనసులో తీర్పు తీర్చేవారు, పాపసంకీర్తనంలో ముందు ఆ తీర్పును గురించే చెప్పుకోవడం మంచిది.

మన ప్రాంతం సంగతే చూడండి. కరీంనగరు, ఆదిలాబాదు పల్లెల్లో మన తాతముత్తాతలు తిన్నది జొన్నగటక, మక్కగటక, తాగింది అంబలి. వరి అన్నం పండుగకో, చుట్టాలు వచ్చినప్పుడో. 1963లో పోచంపాడు దగ్గర గోదావరి మీద ప్రాజెక్టుకు పునాదిరాయి పడింది. ఆ తరువాత కాకతీయ కాలువ నీళ్లు వచ్చాయి, బోర్లు వచ్చాయి, వరి పొలాలు పెరిగాయి. 1983 నుండి కిలో రెండు రూపాయల బియ్యం పేదవాని ఇంటికి చేరింది. ఆకలి చావులు ఎరిగిన నేల మీద ఇది చిన్న మేలు కాదు. మన ఆకలి తీర్చిన బియ్యాన్ని నిందిస్తే కృతఘ్నులమవుతాం. అయితే గటక తిని రోజంతా ఒళ్లు వంచినవాని మనుమడు మూడు పూటలా అన్నం తిని కుర్చీలో కూర్చుంటున్నాడు. బొగ్గుబావిలో తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన చేతులు ఇప్పుడు యంత్రం మీటలు తిప్పుతున్నాయి. పని మారింది, కంచం మాత్రం పాత ఆకలినే గుర్తుపెట్టుకున్నది.

ఫలితం కళ్ల ముందే ఉంది. మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నదని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన పెద్ద సర్వే 2023లో తెలిపింది. మన దేశస్థులకు తక్కువ బరువులోనే ముప్పు మొదలవుతుంది కనుక, 160 సెంటీమీటర్ల ఎత్తు మనిషి 64 కిలోలకు చేరితే దాన్ని ఊబకాయంగా లెక్కించాలని మన వైద్యనిపుణులు నిర్ణయించారు. కాబట్టి డాక్టరు చెప్పిన మాటను తేలికగా తీసుకోరాదు. ప్రాణం, ఆరోగ్యం దేవుడు మనకు అప్పగించిన వరాలని, వాటిని తగినరీతిని కాపాడుకోవాలని 1992 నాటి కతోలిక సత్యోపదేశం కూడా బోధిస్తున్నది. ఆ వెంటనే, శరీరాన్నే దేవతగా కొలిచే ధోరణిని ఖండిస్తున్నది. ఆ రెండు బోధలనూ కలిపి చదువుకోవాలి.

మరి పాపం ఎక్కడున్నది? ఏడు మూలపాపాలలో భోజనప్రియత్వం ఒకటని మనం చిన్ననాడే జపాలలో నేర్చుకున్నాం. దీన్ని పునీత మహా గ్రెగోరి ఐదు విధాలుగా విభజించారు. పదమూడవ శతాబ్దిలో పునీత తోమాసు అక్వినాసు ఆ విభజనను వివరించారు. వేళ కాకముందే తినడం, ఖరీదైనవే కావాలనడం, మితిమీరి తినడం, ఆత్రంగా తినడం, ఇలాగే వండాలి అలాగే వండాలి అని పట్టుబట్టడం. ఈ ఐదింటిలో తినే పరిమాణానికి సంబంధించినది ఒక్కటే! పులుసులో ఉప్పు తక్కువైందని కంచం తోసేసిన బక్కపలచని మనిషి కూడా ఈ పాపంలో పడినవాడే. బరువు తగ్గాలని ఇంటిల్లిపాదికీ ఒక వంట, తనకు వేరే వంట చేయించుకొని, అది ఆలస్యమైతే భార్య మీద కేకలు వేసేవాడూ అంతే. నాలుక పెత్తనం పోలేదు, రుచి మాత్రం మారింది.

రాళ్లు, రొట్టెలు

మత్తయి సువార్త నాల్గవ అధ్యాయంలో మన ప్రభువు నలభై దినాల ఉపవాసం తరువాత ఆకలిగొన్నారు. సైతాను వచ్చాడు. ఇక్కడ ఒక విషయం గమనించండి. శోధకుడు ప్రభువు ముందు రొట్టె పెట్టలేదు. దేవుని కుమారుడవైతే ఈ రాళ్లను రొట్టెలుగా చేసుకొమ్మన్నాడు. శోధన రొట్టెలో లేదు. తండ్రితో తనకున్న బంధాన్ని తన కడుపు కోసం వాడుకొమ్మనడంలో ఉన్నది. ప్రభువు ద్వితీయోపదేశకాండంలోని వాక్యంతో జవాబిచ్చి, ఆకలితోనే ఉండిపోయారు. అదే ప్రభువు తరువాత ఐదు రొట్టెలతో ఐదువేల మందికి కడుపునిండా పెట్టారు. తన కోసం ఒక్క రాతిని మార్చుకోనివారు ఇతరుల కోసం రొట్టెను పెంచారు. ఆ రొట్టె తిన్న జనం తనను వెదుక్కుంటూ వస్తే, వారు కడుపు నిండినందువల్లనే వచ్చారని ఆయన నిర్మొహమాటంగా చెప్పారని యోహాను సువార్త ఆరవ అధ్యాయంలో చదువుతాం.

కడుపు నింపుకోవడానికి దేవుణ్ణి వెదకడం ఎంతటిదో, నడుము తగ్గించుకోవడానికి దేవుణ్ణి వెదకడమూ అంతటిదే కావచ్చు. ఇది ఊహ కాదు. అమెరికాలో చార్లీ షెడ్ అనే ప్రెస్బిటేరియను పాస్టరు 1957లో ప్రార్థనతో బరువు పోగొట్టుకొమ్మని బోధించే పుస్తకం వ్రాశాడు. ఆయన వెనుక అటువంటి పుస్తకాలు, శిక్షణ తరగతులు చాలా వచ్చాయి. వాటివల్ల మేలు పొందినవారు లేకపోలేదు. కాని కొవ్వునే పాపంగా, తూకాన్నే భక్తికి కొలతగా చూడడం మొదలుపెడితే ఏమవుతుంది? ప్రార్థించినా బరువు తగ్గనివాడు తన విశ్వాసం చాలలేదని కుమిలిపోతాడు. తగ్గినవాడు పక్కవాణ్ణి చూసి పరిసయ్యునివలె నిలబడతాడు. దేహం పవిత్రాత్మకు ఆలయమని పునీత పౌలుగారు వ్రాశారు, నిజమే. కాని ఆలయం గొప్పతనం అందులో వసించేవానివల్ల వస్తుంది. గోడల మందాన్నిబట్టి రాదు.

అట్లాగని ఆరోగ్యం కోసం ప్రార్థించడం తప్పా? కాదు. అనుదిన ఆహారం అడగమని నేర్పినది ప్రభువే. కుంటివారు, గ్రుడ్డివారు వస్తే ఆయన కాదనలేదు. రొట్టె అడిగిన కుమారునికి ఏ తండ్రీ రాయి ఇవ్వడని కూడా ఆయనే అన్నారు. అడగడానికీ వాడుకోవడానికీ భేదం ఒక్కటే. అడిగేవాడు జవాబును తండ్రికే వదిలిపెడతాడు. వాడుకునేవాడు జవాబును ముందే నిర్ణయించుకొని, అది రాకపోతే తండ్రినే వదిలిపెడతాడు.

తెలిసీ చేయలేకపోవడం

తెలిసి తెలిసి ఎవడూ చెడు చేయడని సోక్రటీసు వాదించాడు. చెడు చేశాడంటే అతనికి తెలియదన్నమాట. అరిస్టాటిలు దీన్ని ఒప్పుకోలేదు. తాగినవాడు నీతిపద్యాలు అప్పజెప్పినట్టు, కోరిక ముంచెత్తినప్పుడు మనిషిలోని తెలివి నోటితో పలుకుతుందే గాని చేతిని ఆపదన్నాడు. చేయగోరిన మేలు చేయలేక, వద్దనుకున్న కీడే చేస్తున్నానని రోమీయులకు వ్రాసిన లేఖ ఏడవ అధ్యాయంలో పౌలుగారు మొరపెట్టుకున్నారు. మా సింగరేణి సోదరుని కష్టమూ ఇదే. అతనికి తెలియక కాదు. ఏది తినాలో, ఏది తినరాదో డాక్టరు కాగితం మీద వ్రాసి ఇచ్చాడు. షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి డబ్బాలో సకినాలు కనిపిస్తాయి. ఒక్కటే గదా అనుకుంటాడు. ఆ ఒక్కటి పదవుతుంది.

ఈజిప్టు ఎడారిలో నాల్గవ శతాబ్దిలో నివసించిన మునులు ఈ "ఒక్కటే గదా" అన్న తలంపును బాగా ఎరుగుదురు. వారిలో ఎవాగ్రియుస్ అనే ఆయన శోధనకు వాదనతో కాక దైవవాక్యంతో జవాబివ్వాలని ఒక గ్రంథం వ్రాశాడు. అందులో ఎనిమిది భాగాలుంటే మొదటిది తిండిని గురించినదే. తలంపుతో వాదానికి దిగినవాడు ఓడిపోతాడని వారి అనుభవం. డబ్బా మూత తీసినాక తర్కం పనిచేయదు. తీయకముందే ఒక్క క్షణం ఆగి, సిలువ గుర్తు వేసుకొని, ఒక చిన్న వాక్యం పలికి, అక్కడినుండి కదిలిపోవాలి. సిలువ గుర్తు మంత్రం కాదు. నేను ఒంటరిని కానని నాకు నేను గుర్తుచేసుకోవడం. సహింపశక్యం కాని శోధనను దేవుడు రానీయడని, తప్పించుకొనే దారి కూడా చూపుతాడని కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ పదవ అధ్యాయంలో ఉన్నది. ఆ దారి చాలాసార్లు వంటింట్లోంచి బయటకు వచ్చే దారే!

వారం తిరిగేసరికి ఆ సోదరుడు మళ్లీ వచ్చాడు. ముఖం చిన్నబోయింది. "డాక్టరు ఒక్కపొద్దు వద్దన్నడు ఫాదర్. గోలీలు వేసుకొని పూట తప్పితే షుగరు పడిపోయి మీదికి వస్తదట. టైముకు తినాలె, అన్నం తక్కువ తినాలె అన్నడు. ఒక్కపొద్దే లేకపోతే తపస్సు ఎట్లయితది?"

తిరుసభ చట్టం అతనికి వివరించాను. గోదావరికి ఇవతల మన లతీను సంప్రదాయంలో పద్దెనిమిదేళ్లు నిండినవారు యాభైతొమ్మిదేళ్లు నిండేవరకు విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఒక్కపొద్దు ఉండాలి. గోదావరికి అవతల, 1999లో ఏర్పడిన ఆదిలాబాదు మేత్రాసనం సీరో మలబారు సంప్రదాయానికి చెందినది. ఆ సంప్రదాయంలో తపస్సుకాలం విభూది సోమవారంనాడే మొదలవుతుంది. నదికి ఏ ఒడ్డున ఉన్నా రోగులను తిరుసభ ఉపవాసానికి బలవంతపెట్టదు. ఐదవ శతాబ్దిలో పునీత కాసియను మఠవాసులకు వ్రాస్తూ, అందరి ఒళ్లూ ఒక్కటి కాదు గనుక అందరికీ ఒకే ఉపవాసం పనికిరాదన్నారు. రోజుల తరబడి కడుపు మాడ్చుకొని తరువాత విరగబడి తినడంకంటె, ప్రతిదినం మితంగా తినడమే మేలన్నారు. ఏది నీ ఒంటికి చెడో పరీక్షించి తెలుసుకొని దానికి దూరంగా ఉండమని సీరా గ్రంథం ముప్పై ఏడవ అధ్యాయం కూడా హెచ్చరిస్తున్నది.

"అన్నా, నలభై రోజులు కడుపు మాడ్చుకుంటే నలుగురికి తెలుస్తది. రోజూ ఒక పిడికెడు తగ్గించుకుంటే నీకూ దేవునికే తెలుస్తది. ఏది కష్టం?" అని అడిగాను. అతను నవ్వి వెళ్లిపోయాడు.

పిడికెడు బియ్యం

ఉత్థాన పండుగ తరువాత అతను కనిపించినప్పుడు నేను అడగకముందే చెప్పాడు. "రెండు కిలోలే తగ్గింది ఫాదర్. నడుమ మా మరదలి బిడ్డ పెండ్లిల ఆగమాగం తిన్న." ఇక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం వ్రాసేవాణ్ణి కాదు. అతను ఇంకొక సంగతి చెప్పాడు.

తపస్సుకాలం మొదట్లో అతను కంచంలో అన్నం సగం తిని సగం విడిచిపెట్టేవాడట. పెద్ద త్యాగం చేస్తున్నాననుకున్నాడు. పది రోజుల తరువాత ఒకనాడు చేయి కడుక్కొని వెనుకకు వస్తే, భార్య ఆ విడిచిన అన్నమే తింటున్నది. పారేయలేక! ఆమె ఎప్పుడూ అందరికంటె చివర, మిగిలినదాన్నిబట్టి తింటుంది. మిగలకపోతే తక్కువ, మిగిలితే ఎక్కువ. ఆమెకూ మోకాళ్ల నొప్పులున్నాయి, బరువు తగ్గమని ఆమెకూ డాక్టరు చెప్పి ఉన్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఎప్పుడు తింటుందో, ఏమి తింటుందో తాను చూడలేదని అతను చెబుతూ తల దించుకున్నాడు. "నా తపస్సు పోయి ఆమె కడుపుల పడ్డది ఫాదర్" అన్నాడు.

ఆనాటినుండి అతను కంచంలో అన్నం విడిచిపెట్టడం మానేశాడు. కుండలో ఎసరు కాగుతుండగానే, కొలిచిన బియ్యంలోనుండి రెండు పిడికిళ్లు తీసి వేరే డబ్బాలో పోయడం మొదలుపెట్టాడు. ఒకటి తనది, ఒకటి ఆమెది. ఇద్దరూ కలిసి కూర్చొని తింటున్నారు. ఆమె ముందు సిగ్గుపడిందట. డబ్బా నిండాక ఆ బియ్యాన్ని తమ వాడలో ఒంటరిగా ఉంటున్న ఒక ముసలమ్మకు ఇచ్చి వచ్చారు. మన పల్లె విచారణల్లో మన తల్లులు వంటకు ముందు పిడికెడు బియ్యం దేవునిపేర తీసిపెట్టేవారని మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. అతనికి అది ఎవరూ చెప్పలేదు. తన ఇంటి కుండే చెప్పింది.

ఇది విన్నప్పుడు పునీత మహా గ్రెగోరి గురువులకు వ్రాసిన కాపరి ధర్మమనే గ్రంథంలోని ఒక బోధ నాకు జ్ఞాపకం వచ్చింది. కడుపుకు తగ్గించినదాన్ని పేదకు ఇవ్వక, తరువాత తన కడుపుకే దాచుకునేవాడు దేవుని కోసం ఉపవాసం ఉన్నట్టు కాదు, తన కోసమే ఉన్నట్టు అని ఆయన భావం. సెమినరీలో చదువుకున్న రోజుల్లో ఇది పరీక్షకు వ్రాసి మార్కులు తెచ్చుకున్నాను. దాని అర్థం మాత్రం ఈ కార్మికుని బియ్యం డబ్బా దగ్గర తెలిసింది. ఆకలిగొన్నవానితో అన్నం పంచుకోవడమే తనకు ఇష్టమైన ఉపవాసమని యెషయా ప్రవక్త యాభైయెనిమిదవ అధ్యాయంలో దేవుడు అంటున్నాడు. స్వకార్యంగా మొదలైనది స్వామికార్యం కావడానికి ఆ పిడికెడు బియ్యం చాలింది. దేవుడు మన మిశ్రమమైన ఉద్దేశాలను చూసి తలుపు మూసుకోడు. మనం స్వార్థంతో వచ్చినా రానిచ్చి, లోపల మనల్ని మారుస్తాడు. మనం మారడానికి ఒప్పుకోవాలి, అంతే.

ఇక నా సంగతి. ఆ తరువాత నేను ఒక పల్లెకు పూజకు వెళ్లినప్పుడు, బీడీలు చుట్టి బతికే ఒక తల్లి కోడిని కోసి వండింది. వద్దంటే ఆమె నొచ్చుకుంటుంది, నిజమే. మితం అంటే తన ఆరోగ్యాన్నీ, తనతో ఉండేవారినీ కూడా చూసుకోవడమని అక్వినాసు చెప్పింది గుర్తు తెచ్చుకున్నాను. "అమ్మా, నువ్వూ కూర్చుంటేనే తింట" అన్నాను. ఆమె కూర్చున్నది. కూర ఆమె కంచంలోకి, పిల్లల కంచాల్లోకి పోయింది. నాకు వచ్చిన రెండు ముక్కలు తిన్నాను, ఎవరూ నొచ్చుకోలేదు. ఇన్నేళ్ల నా సాకు ఆ పూట అబద్ధమని తేలింది. ప్రతిసారీ ఇట్లా గెలుస్తున్నానని చెప్పలేను. పోయిన నెల ఒక విందులో ఓడిపోయాను.

మళ్లీ తపస్సుకాలం రానున్నది. మీలో బరువు తగ్గవలసినవారు ఉంటే, డాక్టరును అడిగి ధైర్యంగా మొదలుపెట్టండి. ప్రభువు సహాయం సిగ్గుపడకుండా అడగండి. ఓడిన రోజున నిరాశ చెందక మరునాడు మళ్లీ లేవండి. అయితే వారానికొకసారి తూకం చూసుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒక్క కిలో తగ్గకపోయినా నేను ప్రార్థన కొనసాగిస్తానా? నేను తగ్గించుకున్న అన్నం ఎవరి కంచంలోకి పోతున్నది? నా ఉపవాసం మొదలైనప్పటినుండి నా ఇంటివారికి నాతో బతకడం సులువైందా, కష్టమైందా?

ఈ మూడింటికీ జవాబు మన ఒంటిని తూచే యంత్రం చెప్పలేదు. మీ ఇంట్లో చివరగా అన్నం తినేవారిని అడిగితే చెబుతారు.